నాలుగు పాత డ్రైవుల నుంచి రెండు కొత్తవాటికి: ఇంటి స్టోరేజీ సర్వర్ డైరీ

మార్చి నెలాఖరు

సర్వర్ నుంచి మెయిల్ వచ్చింది. మూడో డ్రైవులో పెండింగ్ సెక్టార్లు, అంటే చదవబోతే రాని చిన్న ముక్కలు, 8. సాయంత్రం మళ్ళీ చూస్తే 24.

ముందు సామాను సంగతి చెప్తా. పాత ఆఫీసు డెస్క్‌టాప్, 16 జీబీ మెమరీ, డెబియన్ లైనక్స్, దాని మీద డ్రైవులను కలిపి ఫైళ్ళు దాచే జెడ్‌ఎఫ్‌ఎస్. 4 టీబీ డ్రైవులు నాలుగు, రెయిడ్-జెడ్1 అనే పద్ధతిలో ఒకే పూల్‌గా కలిపి. నాలుగింటిలో ఏ ఒక్కటి పోయినా డేటా నిలుస్తది, రెండోది కూడా పోయిందంటే మొత్తం పోతది. వాడుకోవడానికి మిగిలేది 12 టీబీ, లైనక్స్ లెక్కలో 10.9. అందులో 7 టీబీ దాకా నిండింది.

సినిమాలు పోతే పోనీ. ఫోన్ ఫోటోలకు వేరే చోట కాపీ ఉన్నది. భయమంతా చిన్నాయిన స్టూడియో టేపుల గురించే. ఆయన పదేండ్లకు పైగా హనుమకొండ చుట్టుపక్కల పెళ్ళిళ్ళు, పద్మాక్షి గుట్ట దగ్గర బతుకమ్మ, ఐనవోలు జాతర, ఊళ్ళల్లో ఒగ్గు కథలు మినీ డీవీ టేపుల మీద తీసిండు. రెండు వందల పైచిలుకు టేపులను నేను కంప్యూటర్‌లోకి ఎక్కించిన. గంట టేపుకు 13 జీబీ చొప్పున అన్నీ కలిపి 2.7 టీబీ. ఎక్కించినాక కొన్ని టేపులకు బూజు పట్టింది, ఇప్పుడు కెమెరాలో పెడితే తిరగనే తిరగవు. వాటికి ఈ పెట్టెలో ఉన్నదే అసలు ప్రతి.

డ్రైవు తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే స్మార్ట్ పట్టిక పొడుగ్గా ఉంటది గాని నేను చూసేది నాలుగు వరుసలే. 5వ నంబరు, పాడైనందుకు పక్కకు తప్పించి వేరే చోటికి మార్చిన సెక్టార్లు. 197, చదవబోతే చదవరాక తేలకుండా ఆగి ఉన్నవి. 198, డ్రైవు తనకు తాను వెతుక్కున్నప్పుడు దొరికిన పాడువి. 199, డ్రైవుకూ బోర్డుకూ నడుమ తీగలో వచ్చిన తప్పులు. మొదటి మూడు పెరుగుతుంటే డ్రైవు మీద ఆశ వదులుకోవచ్చు. నాలుగోది పెరిగితే ముందు కేబుల్ చూడాలె, డ్రైవును తిట్టొద్దు. 197 ఎనిమిదేసి చొప్పున పెరుగుడుకు కారణం కూడా ఉన్నది. ఇప్పటి డ్రైవుల్లో లోపలి సెక్టార్ 4096 బైట్లు, లెక్క మాత్రం పాత 512 బైట్ల కొలతలో చెప్తది. ఒక్క సెక్టార్ పాడైతే అక్కడ 8 కనబడుతది. 24 అంటే మూడు.

మూడు సెక్టార్లే గదా అనిపిస్తది. నన్ను ఆలోచనలో పడేసింది ఆ మూడు కాదు. నాలుగు డ్రైవులనూ ఒకేనాడు, ఒకే షాపులో, ఒకే డబ్బాలోంచి కొన్న. ఒకే వయసు, ఒకే ఎండ, ఒకే కరెంటు. మూడోది అలిసిందంటే మిగతా మూడు కూడా అదే దారిలో ఉన్నట్టే.

ఏప్రిల్ మొదలు: ముందు టేపులు

ఇలాంటప్పుడు మొదట చెయ్యి పోయేది స్క్రబ్ మీదికి. పూల్ మొత్తాన్ని చదివి, తప్పులుంటే దిద్దమని చెప్పుడు. నేను ఆ పని చేయలేదు. స్క్రబ్ అంటే నాలుగు డ్రైవుల మీదా గంటల కొద్దీ చదువు, అందులో సగం సినిమాల కోసం. ఈ డ్రైవుల్లో ఇంకా ఎంత ఊపిరి ఉన్నదో తెల్వనప్పుడు దాన్ని టేపుల మీదనే ఖర్చు పెట్టాలె.

5 టీబీ యూఎస్‌బీ డ్రైవు ఒకటి ఇంట్లో ఉన్నది. దాని మీదికి కాపీ ప్రోగ్రామ్ ఆర్‌సింక్‌తో టేపుల ఫోల్డర్ ఒక్కటే. అందులోనూ వరుస ఉన్నది. క్యాసెట్ ఇక తిరగనివి మొదట, తిరిగేవి తర్వాత. కాపీ అయినవాటికి అయినట్టే షా-256 సంఖ్యలు, అంటే ఒక్క బైటు మారినా మారిపోయే వేలిముద్రల్లాంటివి, ఒక ఫైల్‌లో రాసి పెట్టుకున్న, తర్వాత కొత్త పూల్‌లో సరిచూసుకోవడానికి.

చాలా వరకు సాఫీగా పోయింది. ఒక ఫైల్ దగ్గర మాత్రం ఇన్‌పుట్ అవుట్‌పుట్ ఎర్రర్ అని ఆగింది. జెడ్‌పూల్ స్టేటస్‌కు మైనస్ వీ తగిలిస్తే ఆ ఫైల్ పేరు కింద చూపించింది, పర్మనెంట్ ఎర్రర్ అని. మూడో డ్రైవు ఎదురుగా చదవలేని తప్పులు ఉన్నయి, అది తెలిసిందే. ఒకటో డ్రైవు ఎదురుగా కూడా ఉన్నయి.

స్మార్ట్ చూస్తే ఒకటో డ్రైవులో 197 ఇప్పుడు 8. మార్చి రెండో ఆదివారం డెబియన్ తనంతట తాను నడిపే నెలవారీ స్క్రబ్ తప్పు లేకుండా పోయింది. అంటే ఈ రెండూ ఆ తర్వాతే. పెండింగ్ సెక్టార్ అనేది డ్రైవు చదవబోయినప్పుడే బయటపడుతది. చదవని చోట ఏమున్నదో డ్రైవుకు కూడా తెల్వదు. 197 సున్నా ఉన్నదంటే డ్రైవు బాగున్నదని కాదు, ఇప్పటిదాకా ఎక్కడా తట్టుకోలేదని.

ఒకే బ్లాకుకు సంబంధించిన ముక్క రెండు డ్రైవుల్లోనూ పాడైతే రెయిడ్-జెడ్1 ఏం చేయలేదు. ఆ బ్లాకు అంతా పోయినట్టే లెక్క. టేపుల డేటాసెట్‌కు, అంటే పూల్‌లో టేపుల కోసం వేరుగా ఉంచిన భాగానికి, రికార్డ్ సైజు, అంటే ఒక బ్లాకు కొలత, 1 ఎంబీ పెట్టి ఉన్నది. డేటా చెడిందో లేదో పట్టిచ్చే చెక్‌సమ్ ఆ ఎంబీ మొత్తానికి కలిపి ఒక్కటే కాబట్టి, అందులో 4 కేబీ పాడైనా జెడ్‌ఎఫ్‌ఎస్ ఎంబీ అంతా ఇవ్వనంటది. తప్పు డేటా ఇచ్చేకన్నా ఇవ్వకపోవుడే నయమని దాని పద్ధతి. ఆ పద్ధతి నాకు ఇష్టమే. పోయింది ఎక్కడో, ఎంతో కచ్చితంగా చెప్తది.

ఇక్కడ డీవీ ఫార్మాట్ మంచిదనం పనికొచ్చింది. మన దేశంలో వాడిన పాల్ డీవీలో ఒక్కో ఫ్రేము సరిగ్గా 1,44,000 బైట్లు, సెకనుకు 25 ఫ్రేములు. ఏ ఫ్రేముకు ఆ ఫ్రేమే, పక్కదాని మీద ఆధారపడదు. 1 ఎంబీ అంటే ఏడు ఫ్రేముల చిల్లర, సెకనులో మూడో వంతు. ఇదే ఇప్పటి ఫోన్ వీడియో అయ్యుంటే ఒక్కచోట దెబ్బ తగిలితే తర్వాతి కీలక ఫ్రేము వచ్చేదాకా బొమ్మ చెదిరిపోయేది.

మామూలు కాపీ కమాండ్ తప్పు తగలగానే ఆగిపోతది. డీడీరెస్క్యూ ఆగదు. చదవగలిగినంత చదివి, రానిచోట సున్నాలు నింపి, ఎక్కడెక్కడ రాలేదో ఒక మ్యాప్ ఫైల్‌లో రాస్తది. సున్నాలు నింపుడు చిన్న సంగతి కాదు. ఫైల్ పొడవు మారదు కాబట్టి ఆ తర్వాతి ఫ్రేములన్నీ 1,44,000 హద్దుల మీదనే నిలుస్తయి. వీడియో నడిపిస్తే ఒక్క మిణుకు, మళ్ళీ మామూలే. మ్యాప్ ఫైల్‌లో ఉన్న బైటు స్థానాన్ని 1,44,000తో భాగిస్తే ఫ్రేము నంబరు, దాన్ని 25తో భాగిస్తే సెకను. ఆ లెక్కన టేపులో ఇరవై రెండో నిమిషం.

చిన్నాయినకు ఫోన్ చేసిన.

"చిన్నాయినా, ఐనవోలుల ఒగ్గు కథ తీసినవు గదా, ఆ క్యాసెట్ ఇంకా ఉన్నదా?"

"మల్లన్న పట్నాలదా? బీరువాల ఉంటది. పారేసుడు నాకెప్పుడు వచ్చింది. ఏమైందిరా, మిషిన్ కరాబైందా?"

"మిషిన్ బాగనే ఉంది. నడుమ జర పోయింది."

"ఎంత పోయింది?"

"సెకనుల మూడో వంతు."

ఆ పక్క నుంచి కాసేపు మాట లేదు. "గంతదానికి పొద్దుగాల్నే ఫోన్ చేసినవా బిడ్డా? కెమెరామన్ కన్ను కొట్టిండని రాసుకో."

అన్నడే గాని సాయంత్రానికి స్కూటర్ మీద వచ్చి క్యాసెట్, పాత కెమెరా, దాని అడాప్టర్ ఇచ్చి పోయిండు. అదృష్టం, ఈ టేపు తిరుగుతున్నది. ఫైర్‌వైర్ కార్డు ఉన్న పాత పీసీకి తగిలించి డీవీగ్రాబ్‌తో ఆ చోటు చుట్టూ రెండు నిమిషాలు మళ్ళీ ఎక్కించిన. మినీ డీవీ నుంచి ఫైర్‌వైర్ మీద వచ్చేది బొమ్మను మళ్ళీ రికార్డు చేసుడు కాదు, టేపు మీద ఉన్న బైట్లను ఉన్నట్టే దించుడు. అందుకే పాత ఫైల్‌లోని ఫ్రేములు, ఇప్పుడు దించిన ఫ్రేములు పక్కపక్కన పెట్టి పోలిస్తే చిల్లుకు ముందువి, వెనుకవి బైటు తేడా లేకుండా కలిసినయి. నడుమ ఎనిమిది ఫ్రేములను డీడీ కమాండ్‌తో వాటి చోటులో అతికించిన. అరిగిన టేపు అయితే ఇంత సాఫీగా కలవదు, టేపును చదివే తలలు చదవలేని చోట కెమెరా తనకు తోచింది నింపుతది.

బాగుచేసిన ఫైల్ యూఎస్‌బీ డ్రైవులోనే ఉంచిన. పాత పూల్‌లోకి తిరిగి రాయలేదు. ఇప్పటి నుంచి పాత పూల్ మీద రాత బంద్. ఇంట్లో అందరికీ ఫైళ్ళు అందించే సాంబా ఆపేసిన, ఇంట్లో టీవీలో సినిమాలు కొన్నాళ్ళు లేవని చెప్పిన. పిల్లలు ఊరుకున్నరు, అమ్మ ఊరుకోలేదు.

ఏం కొనాలె అన్న లెక్క

మూడు దారులు కనబడ్డయి.

పాడైనదాన్ని తీసి అదే 4 టీబీ కొత్తది పెట్టుడు మొదటిది. ఖర్చు తక్కువ. ఇట్ల చేసేవాళ్ళు ఒక మాట గుర్తుపెట్టుకోవాలె. పోర్టు ఖాళీ ఉంటే పాత డ్రైవును పీకకుండానే కొత్తది తగిలించి రీప్లేస్ కమాండ్ ఇయ్యాలె. పాతదానిలో ఇంకా చదవగలిగింది కూడా జెడ్‌ఎఫ్‌ఎస్ వాడుకుంటది, రీసిల్వర్, అంటే కొత్త డ్రైవును డేటాతో నింపుడు, అయ్యేదాకా రక్షణ తగ్గదు. ముందే పీకేస్తే మిగిలిన మూడింటిలో ఒక్క సెక్టార్ మొరాయించినా ఆ బ్లాకు పోయినట్టే.

ఒక్కోటి మార్చుకుంటూ నాలుగింటినీ పెద్దవి చేసుడు రెండో దారి. నాలుగు రీసిల్వర్లు, అంటే పాత డ్రైవుల మీద మళ్ళీ మళ్ళీ పూర్తి చదువు. ఒకటో డ్రైవు కూడా పాడవుతున్నదని తెలిసినాక ఈ దారి మూసుకుపోయినట్టే అనిపించింది.

మూడోది, రెండు 12 టీబీ డ్రైవులతో కొత్తగా మిర్రర్ పూల్, అంటే రెండింటిలోనూ ఒకే డేటా ఉండేది, కట్టి డేటా అంతా ఒకేసారి పంపుడు. పాతవాటి మీద పడేది ఒక్క చదువు. జాగా అంతే, డ్రైవులు సగం, కరెంటు సగం, వేడి సగం. తర్వాత ఏదన్నా పోతే ఒక డ్రైవు నుంచి ఇంకో డ్రైవుకు కాపీ, అంతే లెక్క. పాత పూల్‌నే చిన్నగా చేసుకోవచ్చు గదా అంటే కుదరదు. రెయిడ్-జెడ్ నుంచి డ్రైవును తీసేసే వీలు జెడ్‌ఎఫ్‌ఎస్‌లో లేదు. 2025 జనవరిలో వచ్చిన ఓపెన్ జెడ్‌ఎఫ్‌ఎస్ 2.3లో రెయిడ్-జెడ్‌కు డ్రైవు కలిపే సౌకర్యం వచ్చింది గాని అది పెంచడానికే, తగ్గించడానికి కాదు.

చాలామంది భయపెట్టే లెక్క ఒకటి ఉన్నది. మామూలు డ్రైవు కాగితం మీద ఒకటి పక్కన 14 సున్నాలు పెట్టినన్ని బిట్లు చదివితే ఒక తప్పు రావచ్చని రాసి ఉంటది. అది 12.5 టీబీ. అంటే నా పూల్ ఒక్కసారి చదివితే తప్పు రానే వస్తదని అర్థం చెప్తరు. ఏండ్ల తరబడి నెలనెలా స్క్రబ్‌లు నడిపినోడిగా ఆ అంకెను నేను అంత నమ్మను. బాగున్న డ్రైవు అంతకంటే చాలా బాగా చదువుతది. పాడైన డ్రైవు అంతకంటే చాలా అధ్వాన్నంగా చదువుతది. సగటు అంకెతో మన పని లేదు.

మూడో దారే ఖాయం చేసిన.

కాజీపేట నుంచి సికింద్రాబాద్

ఆన్‌లైన్‌లో తెప్పించుకోవచ్చు. కానీ హార్డ్ డిస్క్ కొరియర్‌లో ఎట్ల వస్తదో చూసినోణ్ణి కాబట్టి పొద్దున కాజీపేటలో రైలెక్కి సికింద్రాబాద్ పోయిన. పరేడ్ గ్రౌండ్ దగ్గరి సీటీసీ, చెనాయ్ ట్రేడ్ సెంటర్. రెండు డ్రైవులు రెండు వేర్వేరు షాపుల్లో, లేబుల్ మీద తయారీ నెల వేర్వేరుగా ఉన్నవి చూసి తీసుకున్న. ఈసారి రెండూ ఒకే ఈడువి కావద్దని.

ఒక షాపాయన, "అన్నా, కెమెరాలకు పెట్టే డ్రైవు తీస్కో, సస్తల వస్తది, ఇరవై నాలుగు గంటలు నడుస్తది" అన్నడు. ఆయన మాట పూర్తిగా తప్పు కాదు, నిఘా కెమెరా డ్రైవులు ఆగకుండా నడవడానికే చేస్తరు. నేను అడిగింది ఒక్కటే, ట్రాకులు విడివిడిగా ఉండే సీఎంఆరా, ఎస్‌ఎంఆరా అని. ఎస్‌ఎంఆర్‌లో ట్రాకులు ఒకదాని అంచు మీద ఇంకోటి ఎక్కి ఉంటయి, నడుమ ఒకటి మార్చాలంటే పక్కవి కూడా మళ్ళీ రాయాలె. ఫైళ్ళు దాచి మూల పెట్టే యూఎస్‌బీ డ్రైవుకు అది చాలు. రీసిల్వర్‌లో మాత్రం గంటల పని రోజులకు పోతది. 2020లో నాస్, అంటే ఇట్లాంటి స్టోరేజీ పెట్టెల, కోసమని అమ్మిన కొన్ని డ్రైవులు చెప్పకుండా ఎస్‌ఎంఆర్‌వి అని బయటపడి పెద్ద గొడవైంది. అప్పటి నుంచి మోడల్ నంబరు చూడకుండా ఎవరూ కొనొద్దు.

ఇంకో జాగ్రత్త: డబ్బులు ఇచ్చేముందే సీరియల్ నంబరు కంపెనీ వారంటీ పేజీలో కొట్టి చూసిన. వేరే దేశంలో కంప్యూటర్ కంపెనీల కోసం పోయిన డ్రైవు ఇక్కడి బజార్లోకి వస్తే వారంటీ ఉండదు. మొదటి షాపులో చూపించిన ఒక డ్రైవు అట్లాంటిదే, పక్కన పెట్టేసిన.

తిరగని కొత్త డ్రైవు

క్యాబినెట్ విప్పుడు మా ఇంట్లో మాస్క్ పెట్టుకుని చేసే పని. ఇల్లు ఏనుమాముల మార్కెట్‌కు దగ్గర. పత్తి సీజన్‌లో గాలిలో ఎగిరే నూగు ఫ్యాన్ రెక్కల మీద, పవర్ సప్లై జాలీ మీద తెల్లగా పేరుకుంటది. ఆ తర్వాత మిర్చి వస్తది, దాని ఘాటు దుమ్ము ఆ నూగులో చిక్కుకుంటది. బ్లోయర్ పెట్టిన నిమిషానికి తుమ్ములే తుమ్ములు. నాలుగు డ్రైవుల నడుమ సందు మొత్తం పూడుకుపోయి ఉన్నది. మూడోది, ఒకటోది ఎందుకు ముందు అలిసినయో దీన్ని బట్టి చెప్పలేను గాని గాలి తగలనివి మాత్రం నడుమ డ్రైవులే.

కొత్తవి తగిలించి స్విచ్ వేస్తే ఒకటి తిరిగింది, ఇంకోటి ఉలుకూ పలుకూ లేదు. బయోస్‌లో పేరే లేదు. చేత్తో పట్టుకుంటే అదురు లేదు. కేబుల్ మార్చినా, పోర్టు మార్చినా అంతే. అదే డ్రైవును యూఎస్‌బీ డాక్‌లో పెడితే చక్కగా తిరిగింది. ఇగ సంగతి అర్థమైంది. ఇది డేటా సెంటర్ రకం డ్రైవు. వీటిలో సాటా పవర్ కనెక్టర్ మూడో పిన్నుకు కొత్త పని ఇచ్చిండ్రు. ఆ పిన్ను మీద కరెంటు ఉంటే డ్రైవు ఆగి ఉండాలె. సర్వర్ ర్యాకులో దూరం నుంచి డ్రైవును ఆపి మళ్ళీ లేపడానికి అది పనికొస్తది. పాత పవర్ సప్లైలు ఆ పిన్ను మీద ఎప్పుడూ 3.3 వోల్టులు ఇస్తూనే ఉంటయి. కాబట్టి డ్రైవు ఎప్పటికీ లేవదు.

పెద్ద నాలుగు పిన్నుల మోలెక్స్ నుంచి సాటాకు మార్చే తీగ వాడితే 3.3 వోల్టుల తీగే ఉండదు, సమస్య తీరుతది. కానీ బజార్లో దొరికే అచ్చు పోసిన కనెక్టర్లు లోపల షార్ట్ అయి కాలుతయని చెడ్డ పేరు ఉన్నది, ఈ ఎండలో ఆ జూదం వద్దనుకున్న. హనుమకొండ చౌరస్తా దగ్గర మొబైల్ రిపేర్ చేసే తమ్ముని దగ్గర వేడికి తట్టుకుని కరెంటును ఆపే బంగారు రంగు క్యాప్టన్ టేపు ఉంటది. జానెడు ఇచ్చి డబ్బులు కూడా తీసుకోలేదు. బ్లేడుతో సన్నటి పట్టీ కోసి, డ్రైవు పవర్ పళ్ళలో డేటా కనెక్టర్ వైపు నుంచి మొదటి మూడింటి మీదికి అతికించి, పట్టకారుతో అంచు లోపలికి మడిచిన. ఆ మూడూ 3.3 వోల్టులవే, డ్రైవు వాటిని వాడుకోదు కాబట్టి కప్పేసినా నష్టం లేదు. నాలుగో పన్ను మీదికి టేపు పోవద్దు, అంతే జాగ్రత్త. కనెక్టర్ నెమ్మదిగా తోసి స్విచ్ వేస్తే ఇల్లంతా వినబడేటట్టు మోత చేసుకుంటూ లేచింది.

పరీక్ష

కొత్త డ్రైవు అంటే మంచి డ్రైవు అని కాదు. మొదటి వారాల్లో పోయేవి పోతయి, ఆ తర్వాత నిలిచినవి ఏండ్లు నడుస్తయి. డేటా పెట్టకముందే పోయేదేదో పోనీ అని పరీక్ష. బ్యాడ్‌బ్లాక్స్ అనే ప్రోగ్రామ్ మామూలుగా నాలుగు నమూనాలు రాసి చదువుతది, అంటే డ్రైవు అంచు నుంచి అంచుకు ఎనిమిది మార్లు. 12 టీబీని ఒక్కమారు దాటడానికే పదిహేడు గంటల పైన పడుతది. నేను ఒక్క నమూనాతో సరిపెట్టిన, రాత ఒకమారు, చదువు ఒకమారు, ఆ తర్వాత డ్రైవు తనను తాను పూర్తిగా చదువుకునే స్మార్ట్ లాంగ్ టెస్ట్. పాత పూల్ అట్ల వేలాడుతుంటే వారం పాటు కొత్తవాటిని పరీక్షించుడు నాకు సబబు అనిపించలేదు. బ్లాక్ సైజు 4096 ఇవ్వాలె, లేకుంటే ఇంత పెద్ద డ్రైవు మీద అది మొదలే కాదు.

రెండు డ్రైవుల్లోనూ 5, 197, 198 సున్నాలే. వేడి మాత్రం 51 డిగ్రీలకు పోయింది. పక్క మూత తీసి 120 మిల్లీమీటర్ల ఫ్యాన్‌ను డ్రైవుల ముందు జిప్ టైలతో కట్టిన, 44కు దిగింది. కంపెనీలు 60 దాకా పర్వాలేదంటయి గాని ఏప్రిల్‌లోనే ఇట్లుంటే మే నెలలో రామగుండం గాలి ఇటు తిరిగినప్పుడు సంగతేంది?

మే: పంపకం

కొత్త పూల్ కట్టుడు రెండు నిమిషాల పని. మిర్రర్, 4096 బైట్ల సెక్టార్లకు ఎషిఫ్ట్ 12, డేటాను కుదించే ఎల్‌జెడ్4 కంప్రెషన్, ఫైల్ చదివినప్పుడల్లా సమయం రాసే ఏటైమ్ బంద్. డ్రైవులను ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అనే పేర్లతో కాకుండా బై-ఐడీ పేర్లతో ఇచ్చిన. అట్లయితే రేపు ఏదన్నా చెడితే స్టేటస్‌లో సీరియల్ నంబరే కనబడుతది, పెట్టె విప్పి లేబుల్ చూసి సరిగ్గా అదే పీకొచ్చు. పాడైనదనుకుని బాగున్నది పీకినోళ్ళ కథలు చాలా విన్న.

పాత పూల్‌లో ఆ చెడిన ఫైల్‌ను తీసేసిన, దాన్ని పట్టుకుని ఉన్న పాత స్నాప్‌షాట్లను, అంటే ఆయా నాటికి ఫైళ్ళు ఉన్నవున్నట్టు పట్టి ఉంచిన ప్రతులను, కూడా తీసేసిన. స్నాప్‌షాట్‌లో ఆ బ్లాకు మిగిలి ఉంటే స్నాప్‌షాట్‌ను వేరే పూల్‌కు పంపే సెండ్ కమాండ్ అక్కడికొచ్చి ఆగిపోతది. తర్వాత కొత్త స్నాప్‌షాట్, దాన్ని కొత్త పూల్‌కు సెండ్.

మొత్తం పూల్‌ను మైనస్ పెద్ద ఆర్‌తో ఒకే దెబ్బకు పంపొచ్చు. నేను డేటాసెట్‌లను ఒక్కొక్కటిగా పంపిన, మొదట టేపులు, తర్వాత ఫోటోలు, కాగితాలు, చివర సినిమాలు. తీసుకునే వైపు మైనస్ ఎస్ పెట్టిన. దాంతో నడుమ తెగినా అప్పటిదాకా వచ్చింది పోదు. ఒక టోకెన్ మిగులుతది, దాన్ని సెండ్‌కు ఇస్తే తెగిన చోటు నుంచి అందుకుంటది. పెద్ద ఆర్‌తో పంపితే టోకెన్ ఆ తెగిన డేటాసెట్ వరకే పనిచేస్తది, మిగతావి మళ్ళీ చూసుకోవాలె. మే నెలలో, మన దగ్గర, తెగకుండా ఉంటదని ఎవరు చెప్పగలరు?

చీకటి పడ్డాక మొదలుపెట్టిన, వేడి తగ్గుతదని. టేపులు అర్ధరాత్రి దాటినాక అయిపోయినయి. ఫోటోలు సగంలో ఉండంగ గాలి దుమారం లేచింది. రేకులు ఎగిరిపడే చప్పుడు, ఆ వెంటనే కాలనీ అంతా చీకటి. యూపీఎస్ ఆరు డ్రైవులను పావుగంట మోయగలదు. నట్ అనే ప్రోగ్రామ్ బ్యాటరీ సగానికి రాగానే సర్వర్‌ను పద్ధతిగా మూసేసింది. అది మూసుకునేదాకా టార్చి పట్టుకుని పక్కనే నిలబడ్డ, నేను చేసేది ఏం లేకున్నా. కరెంటు తెల్లవారినాక వచ్చింది. టోకెన్ తీసి ఇస్తే తెగిన చోటు నుంచే మొదలైంది.

మళ్ళీ లేచినాక నాలుగో డ్రైవు ఎదురుగా తప్పులు వరుసగా వచ్చినయి. గుండె జారింది. స్మార్ట్ చూస్తే 5, 197, 198 సున్నా, 199 మాత్రం నిమిష నిమిషానికి పెరుగుతున్నది. అంటే డ్రైవు కాదు, తీగ. ఫ్యాన్ కట్టినప్పుడు ఆ కేబుల్ మూల వంగి ఒత్తిడిలో ఉన్నది. సెండ్ ఆపి, సర్వర్ మూసి, క్లిప్ ఉన్న కొత్త కేబుల్ వేసి నడిపిస్తే 199 ఉన్నకాడ ఆగింది. ఆ అంకె మళ్ళీ సున్నా కాదు, డ్రైవు బతికినంత కాలం అట్లనే ఉంటది. సెకండ్ హ్యాండ్ డ్రైవు కొనేటోళ్ళు 199 చూసి బెదరొద్దు, 5 చూసి బెదరాలె.

సినిమాల్లో రెండు ఫైళ్ళు రాలేదు. వాటి కోసం ఎవరూ ఏడ్వలేదు.

సరిచూసుకునుడు, మార్పిడి

షా-256 జాబితాతో టేపుల ఫైళ్ళన్నీ కొత్త పూల్‌లో సరిచూసిన, అన్నీ కలిసినయి. బాగుచేసిన ఐనవోలు ఫైల్‌ను యూఎస్‌బీ నుంచి తెచ్చి పెట్టిన. ఫైళ్ళు కనబడే చోటైన మౌంట్ పాయింట్‌కు పాత పూల్ పేరే ఇచ్చిన కాబట్టి సాంబా, టీవీకి సినిమాలు అందించే జెల్లీఫిన్, దేన్నీ ముట్టుకోవాల్సిన పని పడలేదు. పాత పూల్‌ను ఎక్స్‌పోర్ట్ చేసి, అంటే సిస్టమ్ నుంచి పద్ధతిగా విడదీసి, డ్రైవులు పీకేసిన. కొత్త పూల్ మీద మొదటి స్క్రబ్, తప్పులు సున్నా. మధ్యాహ్నం ఇంట్లో కూలర్ లేకుండా డ్రైవులు 42, 43 దగ్గర ఉంటున్నయి.

సర్వర్ ఇప్పుడు కూడా గోడ పైషెల్ఫ్‌లోనే ఉన్నది. 2020 ఆగస్టు వానలకు నగరంలో కాలనీలకు కాలనీలు మునిగినప్పటి నుంచి కింద పెట్టుడు మానేసిన.

పాత డ్రైవులు

ఒకటి, మూడు పనికిరావు. మూడోదాన్ని చెరిపేద్దామని సున్నాలు రాయిస్తే నడుమ నడుమ ఆగుకుంటూ పోయింది, 5వ నంబరు వందలు దాటింది. అందులో వేరేవాళ్ళ ఇండ్ల పెళ్ళిళ్ళు ఉన్నయి. రెయిడ్-జెడ్ ముక్కలే గదా, ఎవరికి అర్థమైతది అనుకోవద్దు. 1 ఎంబీ రికార్డులో ఒక్కో డ్రైవుకు మూడు వందల కేబీకి పైగా ఒకేచోట పడుతది, ఒక ఫోటోకు అది చాలు. రెండింటినీ మోటార్ వైండింగ్ షాపుకు తీసుకపోయి డ్రిల్లింగ్ మిషిన్ కింద పళ్ళేల గుండా నాలుగు చిల్లులు పెట్టించిన. ఇ-వేస్ట్ తీసుకునేటోళ్ళకు ఇస్తా.

రెండు, నాలుగు లాంగ్ టెస్ట్ పాసైనయి. కరీంనగర్‌లో అక్క ఇంట్లో పాత పీసీ ఒకటి ఖాళీగా ఉన్నది. ఈ రెండింటితో అక్కడ 4 టీబీ మిర్రర్ కట్టి టేపులు, ఫోటోలు అక్కడ ఇంకో ప్రతి ఉంచుదామని. వీటి వయసు తెల్వక కాదు. కొత్త మిర్రర్, యూఎస్‌బీ డ్రైవు ఉండంగ ఇది మూడో ప్రతి, ఆ మాత్రం పనికి వీటికి ఇంకా దమ్ము ఉన్నది. మొదటి నింపుడు ఇక్కడే చేసి డ్రైవులు పంపితే, తర్వాత నెట్ మీద పోవాల్సింది రెండు స్నాప్‌షాట్ల నడుమ తేడానే. పాత టేపులు మారేవి కావు కాబట్టి ఆ తేడా అంటే ఫోన్ ఫోటోలే. అక్క ఎండకాలం సెలవులకు వచ్చి ఉన్నది, పోయేటప్పుడు డ్రైవులు ఇచ్చి పంపాలె. బస్సు డిక్కీలో వేయొద్దు, ఒళ్ళో పెట్టుకో అన్న.

"పిల్లను పట్టుకోవాల్నా, దీన్ని పట్టుకోవాల్నా?" అన్నది. బావ కారులో వచ్చి తీసుకపోతడట. ఆదివారం రాత్రికి మొదటి తేడా పంపి చూడాలె.